ఇంటిల్లిపాది చదువదగిన బాలల పుస్తకములు

ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాసి యిమ్మని మన సంఘపు పెద్దలు అడిగినప్పుడు కొంత జంకితిని. నేను హైస్కూలు చదువుతో ఆగి దుకాణమున కూర్చున్నవాడను. శాస్త్రవిషయములు చెప్పుటకు మునిమహారాజులు, పండితులు ఉన్నారు. అయినను మా హల్దియాపదరు ఇంటిలో కొన్ని యేండ్లుగా సాగుచున్న ఒక పనిని గూర్చి చెప్పవచ్చునని తోచినది. రాత్రిపూట అరగంట పిల్లలతో కూర్చుండి పుస్తకము చదువుట, చదివిన పుస్తకమును మరియొక యింటికి పంపుట, ఇంతే ఆ పని. దీనిని ఎందుకు మొదలుపెట్టితినో ముందు చెప్పవలెను.

మా తల్లిగారు 2019లో కాలము చేసిరి. పిమ్మట ఆమె ఇనుపపెట్టె తెరువగా చీరల అడుగున ఒక నోటుపుస్తకము దొరికినది. మా పూర్వులది మార్వాడమైనను ఆమె పుట్టి పెరిగినది పార్వతీపురమున, చదివినది తెలుగుబడిలో. అందుచేత ఆమె వ్రాత యంతయు తెలుగే. ఊరగాయల పాళ్ళు, ఉపవాస తిథులు, కూరలవానికి ఇయ్యవలసిన చిల్లర, పిల్లలకు చెప్పిన కథల పేర్లు, ఏ మనుమనికి ఏ కథ ఇష్టమో ఆ వివరము, అన్నియు అందులో నున్నవి. మా పెద్దవాడు దానిని చేతికి తీసికొని రెండు పుటలు త్రిప్పి, "నాన్నగారూ, మీరే చదవండి. నాకు తెలుగు అక్షరాలు రావు కదా" అన్నాడు.

వాడు పుట్టినది మొదలు తెలుగు మాటాడుచున్నవాడే. దుకాణమున బేరములు తెలుగున నడుపును, కోపము వచ్చినప్పుడు తిట్టునదియు తెలుగే. కాని బడిలో ఒడియా, ఇంగ్లీషు చదివినాడు. అక్షరము ఎవరును నేర్పలేదు. నేర్పవలసిన ఆ 'ఎవరు' నేనే. లెక్కలు, జి.ఎస్.టి. రిటర్నులు, సరకు నాణ్యము దగ్గర కూర్చోబెట్టి నేర్పితిని. ఒక్కనాడైన ఒడిలో పుస్తకము పెట్టుకొని చదివి వినిపించలేదు. తనను గూర్చి దాదీ వ్రాసిన నాలుగు పంక్తులను ముప్పది యేండ్ల కుమారునికి నేను చదివి వినిపించవలసి వచ్చినది. ఆనాటినుండి మనుమల విషయమున ఆ తప్పు మరల చేయరాదని అనుకొంటిని.

బరంపురమువారికి బాలల పుస్తకముల విషయమున గర్వించుటకు తగిన కారణమే కలదు. ఆంధ్రదేశపు పిల్లలందరు 'రేడియో అన్నయ్య' అని పిలిచిన న్యాయపతి రాఘవరావుగారు 1905లో ఈ ఊరనే జన్మించిరి. మద్రాసు రేడియోలో పిల్లల కార్యక్రమము నడిపిరి, 1940లో ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించిరి, 1945లో 'బాల' అను మాసపత్రికను ఆరంభించిరి. వారి సతీమణి కామేశ్వరిగారే 'రేడియో అక్కయ్య'. పెద్దలు పిల్లలకొరకు వ్రాయుటయే కాక పిల్లలు వ్రాసినదానిని గూడ ఆ పత్రికలో అచ్చువేసిరి. ముళ్ళపూడి వెంకటరమణగారి మొదటి కథ వచ్చినది అందులోనే, అప్పటికి ఆయన బాలుడు. ఇక 1898లో ఇక్కడనే జన్మించిన ఉప్పల లక్ష్మణరావుగారు వృక్షశాస్త్రము చదివిన పండితుడై యుండియు, మాస్కో నగరమున కూర్చుండి రష్యను పుస్తకములను తెలుగు చేసిరి. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు మన ఊరు ఆ పక్కకు వచ్చినది. భాష ఇండ్లలో నిలిచినది. కాని ఇంతటివారిని కన్న ఊరిలో నేడు ఒక తెలుగు బొమ్మల పుస్తకము కావలెనన్న విశాఖపట్నమునకు పోవువారిచేత తెప్పించుకొనుచున్నాను.

నేను చదువుకొన్న పుస్తకము 'చందమామ'. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు మద్రాసున మొదలుపెట్టిన ఆ పత్రికను ఎరుగని యిల్లు మన తరమున లేదు. మా ప్రక్కయింట ఒడియా కుటుంబముండెడిది. వారికి అదే పత్రిక 'జహ్నమామూ' అను పేర వచ్చుచుండెను. బొమ్మలు ఒకటే, కథలు ఒకటే, లిపి మాత్రమే వేరు. ఆ యింటి కుర్రవాడును నేనును రెండు పుస్తకములు అరుగుమీద ప్రక్కప్రక్కన పెట్టి, శంకర్‌గారు గీచిన విక్రమార్కుని బొమ్మ దగ్గర మొదలుపెట్టి, వాడు ఒక పంక్తి, నేను ఒక పంక్తి చదివెడివారము. నాకు ఒడియా అక్షరములు వచ్చినది బడిలో కాదు, ఆ అరుగుమీదనే. తరువాత నలుబది యేండ్లు గంజాము జిల్లా గ్రామముల షావుకారులతో నేను నడిపిన ఉత్తరప్రత్యుత్తరములకు ఆ అరుగే పెట్టుబడి. 2013 నాటికి చందమామ ఆగిపోయినది. పాత సంచికలు ఎవరియింటనైన అటకమీద నున్నయెడల చిత్తుకాగితముల క్రింద తూచి అమ్మవలదని మనవి.

ఇక వేళ సంగతి. పిల్లలతో చదువుటకు తీరిక లేదని మనవారు చాలమంది చెప్పుదురు. సూర్యాస్తమయమునకు పూర్వమే భోజనము ముగించు ఆచారము మన యిండ్లలో నేటికిని చాలవరకు నిలిచియున్నది. ఇతరుల యింట వంట, వడ్డన, అంట్లతో గడచు రాత్రివేళ మన స్త్రీలకు, పిల్లలకు ఖాళీగా మిగులును. ఆ ఖాళీని ఇప్పుడు ఎవరు నింపుచున్నారో ప్రతి యింటివారికి తెలియును. అరచేతిలోని ఫోను. నేను ఫోనుకు శత్రువును కాను, నా వ్యాపారమంతయు దానిమీదనే నడచుచున్నది. కాని ఎనిమిది మొదలు ఎనిమిదిన్నర వరకు మా యింటి ఫోనులన్నియు దేవునిగది ప్రక్క అలమరలో ఉండును. మొదటి వారము అందరికంటె ఎక్కువసార్లు ఆ అలమరవైపు చూచినవాడను నేనే.

స్వాధ్యాయము ఆరు అభ్యంతర తపస్సులలో ఒకటియని మనము వినియున్నాము. దానికి అయిదు అంగములు చెప్పిరి: వాచన, పృచ్ఛన, పరివర్తన, అనుప్రేక్ష, ధర్మకథ. అనగా చదువుట, అడుగుట, మరల మరల వల్లించుట, మనస్సున త్రిప్పుకొనుట, ఇతరులకు చెప్పుట. శాస్త్రగ్రంథములకు చెప్పిన దానిని పిల్లల కథలకు పట్టించుట సాహసమని పెద్దలు అనుకొన్నయెడల క్షమింతురుగాక. అయినను ఏడేండ్ల పిల్ల ఒక కథను వినుట గమనించితినా, ఈ అయిదును ఎవరును చెప్పకయే చేయుచున్నది. ఒకసారి వినును, ప్రశ్న వేయును, "మళ్ళీ చెప్పు" అని పదిమార్లు చెప్పించుకొనును, పండుకొని పైకప్పు చూచుచు ఆలోచించును, మరునాడు తమ్మునికి తానే చెప్పును. మధ్యలో చెడగొట్టునది మనమే.

నేను చెడగొట్టిన విధము చెప్పెదను. మొదట విజయవాడ పోయినప్పుడు బంగారు అక్షరముల అట్టలు గల పెద్ద పుస్తకముల సెట్టు కొని తెచ్చితిని. సరకు చూచి కొనుటలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకము. వాటిని అద్దాల బీరువాలో పెట్టి, చేతులు కడుగుకొని తీయవలెనని ఆజ్ఞ చేసి, తాళము నా మొలత్రాటికి కట్టుకొంటిని. ఆరు మాసములు ఒక్క పుస్తకము కదలలేదు. ఇక చదివిన రాత్రులలో కథ ముగియగానే "దీనివలన మనకు తెలిసిన నీతి ఏమి?" అని అడిగెడివాడను. నాలుగు రాత్రులు మనుమరాలు ఓపికతో జవాబు చెప్పినది. అయిదవ రాత్రి, "దాదా, ఇది మళ్ళీ ట్యూషనేటి?" అన్నది. ఆ మాటతో నా పరీక్షలు ఆగినవి, తాళపుచెవి కోడలి చేతికి పోయినది. తరువాత బీరువా తలుపే తీసివేయించితిమి.

అప్పుడు నాకు భేతాళకథలు గుర్తు వచ్చినవి. ఆ కథ చివర నీతి చెప్పదు, ప్రశ్న వేయును. రాజు నోరు విప్పకుండ ఉండలేడు. మేమును రాజులమై జవాబు చెప్పుటకు పోటీపడెడివారము. కథ చివర నీతి అచ్చువేసిన పుస్తకమైనచో ఇప్పుడు ఆ పంక్తిని అరచేతితో మూసి చదువుచున్నాను.

మన యిండ్లలో అన్నిటికంటె ముందు చదువదగినది జ్ఞాతాధర్మకథలలోని అయిదు వడ్లగింజల కథ. ఇది వర్తకుని కథ. రాజగృహమున ధన్యుడను సార్థవాహుడు తన నలుగురు కోడండ్రకు తలకు అయిదేసి గింజలిచ్చి, భద్రపరచి అడిగినప్పుడు తిరిగి యిమ్మనును. కొట్టునిండ ధాన్యముండగా ఈ అయిదు ఎందుకని ఉజ్ఝిక పారవైచినది. భోగవతి తినివేసినది. రక్షిక గుడ్డలో కట్టి నగలపెట్టెలో దాచినది. రోహిణి పుట్టింటివారికి పంపి నాటించినది. అయిదేండ్లకు మామగారు అడుగగా ఆమె గింజలు తెచ్చుటకు బండ్లు కావలసివచ్చినది. ఊడ్చుపని ఉజ్ఝికకు, వంట భోగవతికి, కోశాగారము రక్షికకు, ఇంటి పెత్తనము రోహిణికి ఇచ్చిరి.

ఈ కథ చదివిన రాత్రి మా యింట గంటసేపు తగవు జరిగినది. మనుమరాలి పక్షము భోగవతిది. "ఆకలేసి తిన్నాది కాబోలు. అయిదు గింజలికే అంత శిక్షా?" అన్నది. దాని తమ్ముడు, రక్షిక పెట్టెలో ఎలుకలు దూరలేదా యని అడిగినాడు. మా కోడలు, ఎన్నడును నా ఎదుట గట్టిగ మాటాడనిది, "మామగారూ, నాటుటకు ఆమెకు పుట్టిల్లు ఉంది. పుట్టిల్లు లేని కోడలు ఎక్కడ నాటుతుంది?" అన్నది. నేను ఈ కథను చిన్ననాటినుండి ఎన్నోమార్లు విన్నాను. ధన్యుని స్థానముననే కూర్చుండి విన్నాను. కోడండ్ర వైపునుండి ఒకనాడైన చూడలేదు. మా భార్య చాలసేపు ఊరకుండి, వంటపని శిక్ష ఎట్లయినదో నాకు బోధపడలేదని ఒక్క మాట అని లేచిపోయినది. ఆ రాత్రి నేను జవాబు చెప్పలేదు. ఇప్పటికిని చెప్పలేను.

పంచతంత్రమును గూర్చి మనవారిలో సందేహము కలదు. సింహము ఎద్దును చంపుట, కొంగ చేపలను మోసపుచ్చి తినుట, ఇట్టివి అహింసాధర్మము పాటించు ఇంట పిల్లలకు తగునాయని ఒక సోదరుడు నన్ను అడిగిరి. దానికి ప్రసిద్ధమైన పాఠములలో ఒకదానిని 1199లో కూర్చినవాడు పూర్ణభద్రుడను జైనముని. ఆర్థర్ రైడరు 1925లో ఇంగ్లీషు చేసినది ఆ పాఠమునే. మునియే విడిచిపెట్టని కొంగను మనము విడిచిపెట్టనేల? తెలుగున 1853లో పరవస్తు చిన్నయసూరిగారు వ్రాసిన 'నీతిచంద్రిక' ఉన్నది గాని, ఆ భాష నేటి పిల్లలకు, ఆ మాటకు వచ్చిన నాకును, గట్టి శనగలవంటిది. ఒక వాక్యము పైకి చదివి, దాని నాదము వినిపించి, మిగిలినది నోటిమాటగా చెప్పుట మంచిది.

ఒక యింటివారు వేరొక మార్గము పట్టిరి. బొమ్మల పుస్తకములో చేపలకూర వడ్డించు పుట యున్నదని ఆ తల్లి దానిపై తెల్లకాగితము అంటించినది. ఆ పుస్తకము మా యింటికి వచ్చినప్పుడు మా పిల్లలు అన్నిటికంటె ముందు ఆ కాగితము మూల గోటితో లేపిరి. తక్కిన కథ వారికి జ్ఞాపకము లేదు, ఆ పుట మాత్రము బాగుగ జ్ఞాపకమున్నది. ఇరుగుపొరుగున చేపలు వండుకొను ఊరిలో, గోపాలపురపు సముద్రము దగ్గర నివసించుచు, పుస్తకములో మాత్రము చేప ఉండరాదనుట ఎట్లు? ప్రక్కన కూర్చుండి చదివినచో పిల్లలే అడుగుదురు, మనము మన మాట చెప్పవచ్చును. అడుగుటకు మనిషి లేనప్పుడే పుస్తకము భయపెట్టును.

కొనదలచినవారికి నేను చూచినంతలో చెప్పెదను. ప్రథమ్ బుక్స్ అను సంస్థ 2004నుండి తక్కువ వెలకు బొమ్మల పుస్తకములు వేయుచున్నది. ఒకే పుస్తకము తెలుగున, ఒడియాలో, హిందీలో, ఇంగ్లీషులో దొరకును. మనబోటి వారికి ఇంతకంటె కావలసినదేమి? మా యింట మనుమరాలు ఒడియా ప్రతి, రాయపూరునుండి వచ్చిన కోడలు హిందీ ప్రతి, నేను తెలుగు ప్రతి పట్టుకొని పుటకొకరు చదివెదము. నా చిన్ననాటి అరుగు మరల దొరికినట్లున్నది. 2015నుండి వారి పుస్తకములు స్టోరీవీవర్ అనుచోట ఉచితముగ గూడ దొరకుచున్నవి, కాగితముపై అచ్చు తీసికొనవచ్చును. 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టువారి నెహ్రూ బాల పుస్తకాలయపు పుస్తకములును ఇట్లే పలు భాషలలో కలవు. సోవియట్ దేశము 1991లో విడిపోయిన పిమ్మట ఆ తెలుగు బొమ్మల పుస్తకములు రాక నిలిచినది. వాటిలో కొన్నిటిని సికింద్రాబాదున మంచి పుస్తకమువారు మరల అచ్చువేసిరి. అమర చిత్రకథలలో మహావీరస్వామి చరిత్ర కలదు. దానిని ఏడేండ్లు దాటినవారికి ఇయ్యవచ్చును.

కొనునప్పుడు బట్టను చూచినట్లే చూడవలెను. అట్ట మెరుపు చూడరాదు. వెనుక కుట్టు గట్టిదో, ఉత్త జిగురుతో అంటించినదో విప్పి చూడవలెను. అక్షరము పెద్దదిగా నుండవలెను. మొదటి పుట అంగడిలోనే పెదవి కదలించి చదువుకొనవలెను. నాలుక తడబడినచో అది తర్జుమా సరిగా కుదరని పుస్తకము, వెల తగ్గించి యిచ్చినను వలదు.

ఇక పంచుకొనుట. ఒక్క యింటివారు ఎన్ని పుస్తకములు కొనగలరు? అందుచేత నాలుగిండ్లవారము కలసి ఒక రేకుపెట్టె కొంటిమి. ఇంటికి మూడేసి పుస్తకములు వేసితిమి. పెట్టె ప్రతి పక్షమునకు ఒక యింటినుండి మరియొక యింటికి పోవును. పెట్టెలో ఎర్రగుడ్డ అట్ట గల ఒక ఖాతాపుస్తకము పెట్టితిని. పుస్తకము పేరు, వెల, ఎవరింటికి పోయినది, తిరిగి జమ అయిన తేదీ. కడపటి గడికి 'పిల్లల మాట' అని పేరు. అందులో పెద్దలు వ్రాయరాదు. పిల్లలు ఏ భాషలో నైనను, ఏ అక్షరములతో నైనను వ్రాయవచ్చును.

పుస్తకము బాగున్నదో లేదో తెలిసికొనుటకు నాకు ఇప్పుడు ఆ గడియే ప్రమాణము. ఒకచోట "కుక్క మంచిది, ముసలాయన మంచోడు కాదు" అని యున్నది. మరియొకచోట, "ఇది తమ్ముడికి ఇవ్వండి, నాకు వద్దు." ఇంకొకచోట ఒడియా అక్షరములతో తెలుగుమాటలు: "నాన్న చదువుతూ నిద్రపోయారు, నేను పూర్తి చేశాను." నేను ఎంతో మెచ్చి వేసిన నీతికథల పుస్తకమునకు మూడిండ్లనుండి మూడు 'వద్దు'లు వచ్చినవి. ఎవరును పొగడని ఒక సన్నని ఏనుగు పుస్తకమును పెట్టెనుండి తీయుటకు వీలులేదని నలుగురు పిల్లలు సంతకములు చేసిరి. సరకును మెచ్చవలసినది గిరాకీదారుడు, అంగడివాడు కాదు. ముప్పది యేండ్ల వ్యాపారమున తెలిసిన ఈ సంగతి పుస్తకముల దగ్గర మరచితిని.

తిరిగిరాని పుస్తకములు రెండున్నవి. ఒకటి బదిలీమీద పోయిన ఇంటివారితో పోయినది. దానిని రాని బాకీ క్రింద కొట్టివేసితిని. చిరిగినదానికి జుల్మానా లేదు. జుల్మానా పెట్టినచో పిల్లలు చదువుట మానుదురు, చింపుట మానరు.

దీపావళి తరువాతి అయిదవనాడు జ్ఞానపంచమి. దుకాణములు తెరచు లాభపంచమియు అదే దినము గనుక మనవారికి ఆనాడు లెక్కపుస్తకముల హడావుడియే ఎక్కువ. పాటణమున, జైసల్మేరున జ్ఞానభండారములలో తాళపత్రములు శతాబ్దులు నిలిచినవన్న, వానకాలపు చెమ్మ పోవ వాటిని తీసి తుడిచి పురుగు చూచిన చేతులు ఉండబట్టియే. మేము ఆనాడు రేకుపెట్టెను నడుమ పెట్టి, పుస్తకములు ఎండచూపి, చినిగినవాటికి పిల్లలచేతనే జిగురు పెట్టించి, నాలుగు వేపాకులు వేసి మూయుదుము. పూజ అయిదు నిమిషములు, జిగురు పని రెండు గంటలు పట్టును.

2023లో పిల్లలను భువనేశ్వరమునకు తీసికొనిపోయి ఉదయగిరి చూపితిని. ఖారవేలుడు మన ధర్మమును ఆదరించిన కళింగరాజని అందరము చెప్పుకొందుము. హాథీగుంఫా శాసనమున ఆయన చదువు సంగతి కూడ ఉన్నది. లేఖనము, నాణెములు, గణితము, వ్యవహారము, విధి నేర్చినాడట. వర్తకుని బిడ్డకు కావలసినవన్నియు అందులో నున్నవి. కాని వాటికి ముందు పదునైదేండ్లు కుమారుడై ఆటలాడుకొన్నాడని అదే రాతిమీద చెక్కియున్నది. ఈ మాట చెప్పగానే మనుమరాలు తన తల్లివైపు, ట్యూషను మాస్టరును గుర్తుచేయుచు, చూచిన చూపు వర్ణింపలేను. దానికి అప్పటికి ఏడేండ్లు నిండలేదు.

మా తల్లిగారి నోటుపుస్తకము ఇప్పుడు పెట్టెలో లేదు, దేవునిగదిలో నున్నది. మనుమరాలు వత్తులు, గుణింతములు కూడుకొని అందులో ఊరగాయల పుటలవరకు వచ్చినది. మా పెద్దవాడును ఈ శీతకాలమునుండి కూతురి ప్రక్కన కూర్చుండి, ఎవరును చూడనట్లు, అక్షరములు దిద్దుచున్నాడు. మేమును చూడనట్లే ఉన్నాము.

పెట్టె ఈ పక్షమున పాతబస్తీలోని మూడవ యింట నున్నది. పర్యుషణ దినములలో కదలదు, తరువాత మా యింటికి వచ్చును. ఇంకొక పెట్టె పెట్టదలచిన ఇండ్లవారు నన్ను అడిగినచో ఖాతాపుస్తకపు గళ్ళు గీచి యిచ్చెదను. ఏడవ నంబరు పుస్తకమునకు అట్ట ఊడినది. దానిని ఈసారి చేర్చుకొను ఇంటివారు దయచేసి జిగురుతో కాక దారముతో కుట్టించి పంపవలెనని కోరుచున్నాను.